కడుపు గురించి అందరిదీ మాటే, మోసేదానిది తప్ప

కిందటేడు మా జిల్లా సమావేశంలో మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆరోగ్యం మీద చర్చ పెట్టాం. ఎప్పటిలాగే సగం మంది ఫ్యాన్ల కింద కునికిపాట్లు పడుతున్నారు. రక్తహీనత, అంగన్‌వాడీలో గుడ్లు, పీహెచ్‌సీలో డాక్టరు ఉండకపోవడం, ఇవన్నీ అయ్యాయి. ఇంకా ఏమైనా ప్రశ్నలున్నాయా అని అడిగాను. వెనక వరసలోంచి ఒక అమ్మాయి లేచింది. రెండేళ్లుగా మాతో పనిచేస్తున్న పిల్ల. పట్నంలో డిగ్రీ చదివే రోజుల్లో బొడ్డు కుట్టించుకుని చిన్న పోగు పెట్టుకుందట. ఇప్పుడు నాలుగో నెల. "పొట్ట పెరుగుతుంటే దాన్ని ఉంచుకోవాలా, తీసెయ్యాలా అక్కా? డాక్టరమ్మను అడుగుదామంటే సిగ్గయింది. మా అత్తమ్మకు అసలు తెలియదు" అంది.

హాలంతా ఒక్కసారి నవ్వింది. కునికేవాళ్లు కూడా లేచి నవ్వారు. మాలో సీనియర్ ఒకామె, నేను ఎంతో గౌరవించే మనిషి, "ఇక్కడ మనం తల్లుల మరణాల గురించి మాట్లాడుకుంటున్నాం తల్లీ, బొడ్డు పోగుల గురించి కాదు" అంది. ఆ పిల్ల కూర్చుండిపోయింది. నేనూ నవ్వాను. పెద్దగా కాదు, పెదవి చివర. కానీ ఆ పిల్ల చూసింది.

ఈ వ్యాసం ఆ నవ్వు గురించి.

మనం ముప్పై, నలభై ఏళ్లుగా 'మా శరీరాలపై మా హక్కు' అని గోడల మీద రాస్తున్నాం. 1990ల మొదట్లో 'సవాలక్ష సందేహాలు' పుస్తకం చేతికొచ్చినప్పుడు దాన్ని చీర మడతల్లో దాచుకుని ఊరూరా తిప్పినవాళ్లం. స్త్రీ అడిగే ఏ సందేహమూ చిన్నది కాదని ఆ పుస్తకం పేరే చెప్పేది. అట్లాంటి మనం, మన మధ్య కూర్చున్న ఒక గర్భిణి తన పొట్ట గురించి, తన ఒంటి మీది లోహం ముక్క గురించి అడిగితే, అది ప్రశ్న కాదని తేల్చేశాం. మరి ఆమె ఎవర్ని అడగాలి? అత్తగారినా? యూట్యూబునా?

ఆ రోజు నేను ఇవ్వాల్సిన జవాబు ఇప్పుడు ఇస్తాను. అది నాలుగు మాటల్లో అయిపోయేది. పాతదై, పూర్తిగా మానిన పోగైతే, నొప్పీ చీమూ లేకపోతే, నాలుగో నెలలో కంగారు పడి తీయనవసరం లేదు. పొట్ట సాగేకొద్దీ రంధ్రం చుట్టూ చర్మం బిగుసుకుని ఎర్రబడినా, పోగు బట్టకు తగిలి లాగినా తీసెయ్యడం మంచిది. రంధ్రం పూడిపోతుందని బాధ ఉంటే లోహం బదులు వంగే ప్లాస్టిక్ పుల్ల లాంటిది పెట్టుకోవచ్చు. కుట్టించుకుని ఏడాది కూడా కాకపోతే ఎక్కువ జాగ్రత్త కావాలి, ఎందుకంటే బొడ్డు దగ్గర గాయం పూర్తిగా మానడానికి ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది. వేడిగా ఉన్నా, చీము కారినా, జ్వరం వచ్చినా సొంత వైద్యం చేసుకోకుండా డాక్టరుకు చూపించాలి. ఆపరేషన్ కాన్పు అయితే ఎలాగూ తీయాల్సిందే. ఇక గర్భంతో ఉండగా కొత్తగా ఎక్కడా, ముక్కైనా చెవైనా బొడ్డైనా, కుట్టించుకోవద్దు. సూది శుభ్రంగా లేకపోతే హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవి తల్లికి సోకవచ్చు, తల్లి నుంచి బిడ్డకూ పోవచ్చు. కడుపుతో ఉన్నదానికి ముక్కు కుట్టించకూడదని మా అమ్మమ్మ అంటుండేది. కారణం చెప్పేది కాదు. దిష్టి అనుకునేదేమో. కారణం తెలియకపోయినా మాట మాత్రం సరైనదే.

అంతే. రెండు నిమిషాల జవాబు. దానికి బదులు నవ్వు ఇచ్చాం.

బొడ్డు పోగు పట్నం సోకు, మన ఆడవాళ్ల సమస్య కాదు అంటారు. సరే, మన ఆడవాళ్ల సమస్య దగ్గరికే వస్తాను. మట్టెల దగ్గరికి.

ఇది 2009లో జరిగింది. మా సంఘంలో ఒక ఇరవై రెండేళ్ల అమ్మాయి, తొలి చూలు, ఎనిమిదో నెల. నేను వాళ్లింటికి వెళ్లేసరికి అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. పాదాలు నీరు పట్టి పొంగి ఉన్నాయి. రెండు కాళ్లకూ మట్టెలు వేలిలోకి దిగిపోయి, వాటి అంచున చర్మం నీలంగా కమిలి ఉంది. "తీసెయ్యొచ్చు కదా" అన్నాను. ఆ పిల్ల అత్తగారి వైపు చూసింది. అత్త దండం పెట్టినంత పని చేసింది. "కడుపుతోని ఉన్న పిల్ల మట్టెలు తీస్తె నా కొడుక్కు మంచిది కాదు బిడ్డా. నీళ్లాడినంక గవే వదులైతయ్" అంది.

నాకు కోపం వచ్చింది. అక్కడే కూర్చుని మట్టెలు, పుస్తెలు పెళ్లయిన ఆడదానికి వేసే గుర్తులెలా అయ్యాయో, మగవాడికి అట్లాంటి గుర్తు ఎందుకు లేదో, భర్త పోతే వాటిని ఎలా లాక్కుంటారో గంటసేపు చెప్పాను. వారం తర్వాత మళ్లీ వెళ్లి మళ్లీ చెప్పాను. రెండోసారి ఆ పిల్ల ముఖం కూడా ఉబ్బి ఉంది. వేలి ఉంగరం కూడా రావడం లేదు. కొబ్బరినూనె రాసి లాగి చూశాం. నేను ఆ ఉంగరాన్ని కూడా నా ఉపన్యాసంలో కలుపుకున్నాను.

నాలుగు రోజుల తర్వాత రాత్రి ఆ పిల్లకు ఫిట్స్ వచ్చాయి. పల్లెల్లో దాన్ని గుర్రపు వాతం అంటారు. ఆటోలో వేసుకుని ఒక ఆసుపత్రికి, అక్కడ చేర్చుకోమంటే ఇంకో ఆసుపత్రికి తిప్పారు. బిడ్డ కడుపులోనే పోయింది. తల్లి ఎనిమిది రోజుల తర్వాత తేరుకుంది. మట్టెల్ని అక్కడి నర్సులు కత్తిరించి గుడ్డలో చుట్టి అత్త చేతికిచ్చారు. నెల దాటాక పరామర్శకు వెళితే ఆ పిల్ల నాతో అన్న మాట ఇది: "మట్టెల గురించి గంత సేపు మాట్లాడినవ్ గదక్కా. తలకాయ నొస్తుందా అని ఒక్కసారి అడగకపోతివి."

పది రోజులుగా ఆమెకు తలనొప్పి ఉందట. కళ్ల ముందు మెరుపులు మెరిసినట్లయ్యేదట. ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. కడుపుతో ఉన్నప్పుడు ఇవన్నీ మామూలే అని అందరూ చెప్పారు కాబట్టి.

ఇందులో తెలుసుకోవాల్సింది పెద్ద విద్యేమీ కాదు. గర్భం చివరి నెలల్లో పాదాలకు నీరు పట్టడం చాలామందికి సహజమే. గర్భసంచి బరువుకు కాళ్ల నుంచి పైకి పోయే రక్తం నెమ్మదిస్తుంది, ఒంట్లో నీరు కూడా పెరుగుతుంది. అందుకే ఐదారు నెలలు వచ్చేసరికే మట్టెలు, ఉంగరాలు తీసి పెట్టుకోవడం మంచిది. కానీ నీరు ఉన్నట్టుండి ముఖానికీ చేతులకూ ఎక్కితే, దానికి తోడు తగ్గని తలనొప్పి, చూపు మసకబారడం, డొక్కల కింద పైపొట్టలో నొప్పి ఉంటే, ఆ రోజే రక్తపోటు చూడాలి, మూత్రంలో ప్రోటీన్ పరీక్ష చేయాలి. అయిదో నెల దాటాక బీపీ 140/90కి చేరితే అది మామూలు గర్భం కాదు. కొందరికి నీరు పట్టకుండానే బీపీ పెరుగుతుంది కాబట్టి వాపు లేదని ధీమాగా ఉండటానికీ లేదు. ఫిట్స్ రాకుండా ఆపే మందు మెగ్నీషియం సల్ఫేట్. ఖరీదైన మందు కూడా కాదు. 33 దేశాల్లో పది వేల మందికి పైగా గర్భిణుల మీద జరిపిన పరీక్షలో అది ఫిట్స్ ప్రమాదాన్ని సగానికి పైగా తగ్గిస్తుందని 2002లోనే రుజువైంది.

కాలి వేలికి బిగుసుకున్న ఆ మట్టెను అత్త మంగళంగా చూసింది. నేను పితృస్వామ్యంగా చూశాను. ఇద్దరం దాని కింద ఉన్న వేలిని చూడలేదు. మన సంఘాల్లో ఈ జబ్బు ఉందని నేను అంటున్నాను. ఆడదాని ఒంటి మీద ఉన్న ప్రతిదానికీ మన దగ్గర ఒక సిద్ధాంతం ఉంది. ఒంటి గురించి మాత్రం 'అది డాక్టర్లు చూసుకుంటారు' అంటాం.

డాక్టర్లు ఎలా చూసుకుంటారో కూడా చూద్దాం. ఇంట్లో తీయనివ్వని మట్టెల్ని, పుస్తెల్ని ఆసుపత్రి గుమ్మంలో క్షణంలో తీయిస్తారు. లేబర్ రూమ్ తలుపు దగ్గర నేను ఎన్నోసార్లు నిలబడ్డాను. నొప్పులు పడుతున్న మనిషిని ఆపి, "సొమ్ములన్నీ తియ్యి, నీతోని ఎవరున్నరు?" అని ఆయా కేకేస్తుంది. పుస్తెల తాడుకు అరడజను పిన్నీసులు వేలాడుతుంటాయి. ఆడవాళ్ల పనిముట్ల పెట్టె అదే కదా. అవి చిక్కుపడి రావు. నొప్పి వచ్చినప్పుడు ఆమె వంగిపోతుంది, ఆయా లాగుతుంది. ముక్కుపుడక మర తిరగదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ తీయని పుడక అది. "పుస్తెలు గూడనా అమ్మా?" అని అడిగితే, "అన్నీ తియ్యాలె, డాక్టరమ్మ తిడతది" అనేదే జవాబు. చీర కొంగులో మూట కట్టి బయట నిలబడ్డ ఎవరికో ఇస్తారు. లోపలికి పోయేటప్పుడు ఆమె బోసి మెడ తడుముకుంటూ పోతుంది. భర్త చచ్చినప్పుడు జరిగేదే తన బిడ్డ పుట్టేటప్పుడూ జరుగుతోందని ఆమెకు అనిపించదా? ఆ భయాన్ని మూఢనమ్మకం అని కొట్టిపారెయ్యడం తేలిక. ఆ సమయంలో ఆమె పక్కన నిలబడి చెప్పడమే కష్టం.

ఆయాను నేను తప్పు పట్టడం లేదు. ఆమె కాంట్రాక్టు మనిషి. నెలల తరబడి జీతం రాదు, సొమ్ము పోతే దొంగ అనే మాట ముందు ఆమె మీదే పడుతుంది. తీయమనడానికి కారణాలూ ఉన్నాయి. ఆపరేషన్‌లో రక్తనాళాల్ని కరెంటుతో మూసే పరికరం వాడతారు. ఒంటికి తగిలి ఉన్న లోహం దగ్గర కాలే ప్రమాదం అరుదుగానైనా ఉంటుంది. పూర్తి మత్తు ఇవ్వాల్సి వస్తే గొంతులోకి గొట్టం వేసేటప్పుడు ముక్కుకీ నాలుకకీ ఉన్నవి అడ్డం పడతాయి, ఊడి లోపలికి పోవచ్చు. సెలైన్ ఎక్కాక చేతులు ఇంకా వాస్తే ఉంగరం వేలికి రక్తం ఆడనివ్వదు. ఇవన్నీ నిజాలే. అయితే రానిదాన్ని ప్లాస్టరుతో కప్పి ఆపరేషన్ చేసే పద్ధతి కూడా ఉంది. సాధారణ కాన్పుకు ముక్కుపుడక పీకి పెట్టాల్సిన పనే లేదు. ఇందులో ఒక్క ముక్కైనా నొప్పులు మొదలవ్వకముందే, తొమ్మిది నెలల పరీక్షల్లో ఏదో ఒకరోజు చెప్పడానికి ఏమి అడ్డం? ఇంట్లో అత్త తీయొద్దంటుంది, ఆసుపత్రిలో ఆయా తీయమంటుంది. రెండు చోట్లా ఆజ్ఞే. ఆ నగ వేసుకున్న మనిషితో మాట మాత్రం రెండు చోట్లా లేదు.

మా వైపు తండాల్లో ఇది ఇంకో రకంగా ఉంటుంది. పాత తరం లంబాడీ స్త్రీలకు మోచేతి పైదాకా గాజులు ఉంటాయి. బీపీ పట్టీ చుట్టడానికి చోటుండదు. వాళ్ల కార్డుల్లో బీపీ గడి ఖాళీగా ఉండటం, లేదంటే అందరికీ ఒకటే అంకె రాసి ఉండటం నేను కళ్లారా చూశాను. ఏఎన్‌ఎం ఏమంది? "వాళ్లు తియ్యరు మేడమ్" అంది. అడిగావా అంటే మాట్లాడలేదు. తర్వాత మా కార్యకర్త, తండా పిల్లే, వాళ్ల భాషలో అడిగితే ఆ ముసలమ్మలే కోడళ్ల చేతికి సబ్బు నురుగు రాసి పై నాలుగు గాజులు దించారు. పట్టీకి అంతే చోటు కావాలి. ఇప్పటి పిల్లలు ఆ గాజులు వేసుకోవడమే మానేశారనుకోండి, కానీ అడక్కుండానే 'తియ్యరు' అనే మాట మాత్రం మానలేదు.

ఇక పొట్ట సంగతి. నెల తప్పిన నాలుగో నెల నుంచి ఆ పొట్ట ఊరందరిదీ. ముందుకు వస్తే మగపిల్లాడు, పక్కలకు సాగితే ఆడపిల్ల. బొడ్డు కింద నల్ల గీత తిన్నగా పైకి పోతే ఒకటి, వంకరగా పోతే ఇంకొకటి. బస్సులో పక్క సీటావిడ చెయ్యి వేసి చూస్తుంది. బియ్యం దుకాణం వాడు చెబుతాడు. స్కానింగులో లింగ నిర్ధారణ నేరమని 1994లో చట్టం తెచ్చుకున్నాం, 2003లో దాన్ని బిగించుకున్నాం, దాని కోసం రోడ్లెక్కాం. కానీ వీధి అరుగు మీద రోజూ జరిగే ఈ నిర్ధారణకు ఏ చట్టమూ లేదు. 'ఆడపిల్లే' అని అరుగు తేల్చిన రోజు నుంచి ఆమె కంచంలో గుడ్డు మాయమవడం మనకు తెలియనిదా?

ఆ గీతకు మగా ఆడా లేదు. గర్భంలో పెరిగే హార్మోన్ల వల్ల చర్మంలో రంగు ఎక్కువగా తయారవుతుంది. చనుమొనల చుట్టూ, చంకల్లో, మెడ మీద, కొందరికి చెంపల మీద నల్లబడినట్లే, పొట్ట మధ్యలో ఎప్పుడూ ఉండే గీత నల్లగా బయటపడుతుంది. కాన్పయిన కొన్ని నెలలకు దానంతటదే పలచబడుతుంది. పొట్ట ముందుకు ఉందా, పక్కలకు ఉందా అన్నది పొట్ట కండరాల బిగువును బట్టి, ఎన్నో కాన్పు అన్నదాన్ని బట్టి, బిడ్డ పడుకున్న తీరును బట్టి ఉంటుంది. ఆ పొట్టలో నిజంగా చదవాల్సిన లెక్క ఒకటుంది. మూడో నెల చివరికి గర్భసంచి పొత్తికడుపు ఎముక పైన చేతికి తగులుతుంది. అయిదో నెలకు బొడ్డు దాకా వస్తుంది. తొమ్మిదో నెల మొదట్లో రొమ్ము ఎముక కిందికి చేరి, ఆ తర్వాత బిడ్డ తల దిగితే కొంచెం జారుతుంది. ఆరో నెల నుంచి ఎనిమిదో నెల దాకా పొట్ట ఎత్తు సెంటీమీటర్లలో దాదాపు ఎన్ని వారాలో అంత ఉండాలి. బాగా తక్కువైతే బిడ్డ ఎదగడం లేదేమో చూడాలి, బాగా ఎక్కువైతే కవలలా, ఉమ్మనీరు ఎక్కువా అన్నది చూడాలి. ఊరంతా చదివే పొట్టను కొలవాల్సిన టేపు మాత్రం సబ్ సెంటర్ బీరువాలో ఉంటుంది.

చారల గురించి మాట్లాడితే మనవాళ్లు మళ్లీ నవ్వుతారు. నవ్వండి. కానీ పొట్ట సాగి ఎర్రగా, తర్వాత తెల్లగా పడే చారల పేరు చెప్పి ఎంత వ్యాపారం జరుగుతోందో చూడండి. మండల కేంద్రం మందుల షాపులో కూడా గర్భిణుల క్రీములు, నూనెలు వరసగా పెట్టి ఉన్నాయి. కూలి డబ్బుతో కొనుక్కునేవాళ్లను చూశాను. ఈ పూతలు చారల్ని రాకుండా ఆపుతాయనడానికి గట్టి ఆధారం లేదని 2012లోనే కోక్రేన్ సమీక్ష తేల్చింది. చర్మం లోపలి పొర సాగడం వల్ల వచ్చేవి అవి. తల్లికి ఉంటే కూతురికి వచ్చే అవకాశం ఎక్కువ. పైపూత అంత లోతుకు పోదు. దురదకు కొబ్బరినూనె రాసుకుంటే హాయిగా ఉంటుంది, చాలు. ఇటీవల నిండు పొట్ట మీద పూలు చల్లి, నున్నగా, ఒక్క గీత లేకుండా ఫోటోలు తీయించుకునే ఆచారం ఒకటి వచ్చింది. ఎవరి సరదా వాళ్లది, నేను కాదనను. కానీ ఆ ఫోటోలు చూసి మా బస్తీలో ఒక పిల్ల తన పొట్టకు ఏదో రోగం వచ్చిందని ఏడ్చింది.

దురదను కూడా 'మామూలే' అనే బుట్టలో వేస్తాం. పొట్ట సాగినప్పుడు దురద మామూలే. కానీ చివరి నెలల్లో దద్దుర్లేమీ లేకుండా అరచేతులు, అరికాళ్లు రాత్రిళ్లు నిద్రపట్టనంత దురద పెడితే అది చర్మం గొడవ కాకపోవచ్చు. లివరు నుంచి పైత్యరసం సరిగా పారక రక్తంలో చేరడం వల్ల కావచ్చు. రక్త పరీక్షలో తెలుస్తుంది. మితిమీరితే కడుపులో బిడ్డ ప్రాణానికే ప్రమాదం. 'దురదేగా' అని నవ్వే ముందు దీన్ని గుర్తుపెట్టుకోవాలి.

కాన్పయ్యాక పొట్టను ఎవరూ చదవరు. అప్పుడు దాన్ని తిడతారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్క ప్రకారం తెలంగాణలో ప్రతి వంద కాన్పుల్లో 60.7 పొట్ట కోసి చేసినవే. ఆంధ్రప్రదేశ్‌లో 42.4, దేశం మొత్తం మీద 21.5. తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రుల్లో అయితే 81.5. ముహూర్తం పెట్టించుకుని కోయించుకుంటున్నారని ఆడవాళ్ల మీద తోసేసే మాట మనం రోజూ వింటున్నాం. ముహూర్తం పెట్టేది ఎవరు, రాత్రి కాన్పుకు మేలుకోవడం ఇష్టం లేనిది ఎవరికి, బిల్లు ఎవరు రాస్తారు అన్నది వేరే వ్యాసం. ఇక్కడ నాకు కావలసింది ఆ కుట్టు. ఆ కుట్టు మీద మూడో వారంలో నీళ్ల బిందె ఎత్తించే అత్తిల్లు, 'పొట్ట ఇంకా తగ్గలేదేం' అనే భర్త, ఇద్దరూ ఆ పొట్టే తమకు వారసుణ్ణి ఇవ్వాలని తొమ్మిది నెలలు కాచుకున్నవాళ్లే. నిలువు కండరాలు రెండుగా విడిపోయి మధ్యలో గుంట పడటం చాలామందిలో జరుగుతుంది, నెమ్మదిగా సర్దుకుంటుంది, కొందరికి వ్యాయామం కావాలి, బరువులెత్తడం ఆపాలి. ఇది ఎన్నిళ్లలో తెలుసు? బెల్టు అమ్మేవాడికి తెలుసు.

ఇంత రాశాక నా సీనియర్ మిత్రురాలి మాట నాకు వినిపిస్తూనే ఉంది. సగానికి పైగా గర్భిణులు రక్తం లేక పాలిపోయి ఉన్న చోట పోగులూ చారలూ ఏమిటి అని. అక్కా, మీరన్న రక్తహీనత నిజం. కానీ ఐరన్ మాత్రలు ఇంటింటికీ ఇచ్చినా వాటిని పరుపు కింద దాచేది ఎందుకో మీకు తెలుసు. విరేచనం నల్లగా అవుతుందని, బిడ్డ నల్లగా పుడుతుందని భయం. ఆ భయాన్ని ఆమె ఎవరితోనూ చెప్పదు, చెబితే నవ్వుతారని. పోగు గురించి అడిగినప్పుడు నవ్విన మనకు ఆమె మాత్రల గురించి చెబుతుందా? తలనొప్పి గురించి చెబుతుందా? ఆ రోజు మనం నవ్వింది ఒక్క పిల్లను చూసి కాదు, హాల్లో కూర్చున్న అందరూ 'ఇక్కడా అడగకూడదు' అని నేర్చుకున్నారు.

గౌరవంగా కాన్పు జరగడం హక్కు అని 2011లో అంతర్జాతీయంగా ఒక ప్రకటనే వచ్చింది. కాన్పు గదుల్లో గౌరవం, పక్కన తోడు ఉండాలని మన కేంద్ర ప్రభుత్వం 2017లో లక్ష్య పేరుతో కార్యక్రమం పెట్టింది. ఆ కాగితాలు ఆసుపత్రి గోడల మీద అద్దాలు కట్టి ఉన్నాయి. వాటిని పట్టుకుని మనం అడగాల్సినవి చాలా చిన్నవి. ఏడో నెల పరీక్ష రోజునే ఒంటి మీది వస్తువుల గురించి కారణాలతో సహా చెప్పాలి. తీసిన సొమ్ముకు ఆమె చెప్పినవాళ్ల పేరు మీద చీటీ రాయాలి. పుస్తెల బదులు పసుపు దారం కట్టుకుంటానంటే కట్టుకోనివ్వాలి, దారం కాలదు. తోడుగా ఒక ఆడమనిషిని లోపలికి రానివ్వాలి. పొట్ట కొలిచిన ప్రతిసారీ ఆ అంకె ఏమిటో ఆమెకే చెప్పాలి. మన కార్యకర్తలు ఇంటికి వెళ్లినప్పుడు ఉంగరం బిగిసిందా అని అడిగితే, ఆ వెంటనే తలనొప్పి ఉందా అని కూడా అడగాలి. ఈ రెండో ప్రశ్న నాకు నేర్పిన పిల్ల ఇప్పుడు మా సంఘం కార్యదర్శి. ఆమె కాళ్లకు మట్టెలు ఉన్నాయి. వదులువి. రెండో కాన్పుకు ఆరో నెలలోనే తనే తీసి, డబ్బీలో పెట్టి, మూడో నెల బాలింతగా తనే పెట్టుకుంది. అత్తకు ఏం చెప్పావు అని అడిగితే, "చెప్పలే, అత్తనే పట్టుకొచ్చి నూనె రాసింది" అంది.

బొడ్డు పోగు పిల్ల సమావేశం తర్వాత రెండు నెలలు మా ఆఫీసుకు రాలేదు. నేనే వాళ్లింటికి వెళ్లాను. ఆరో నెల వచ్చేసింది. నేను క్షమించమని అడగడానికి మాటలు వెతుక్కుంటుంటే, ఆ పిల్ల గదిలోకి తీసుకెళ్లి తలుపు వేసి చూపించింది. పోగు లేదు. రంధ్రం చుట్టూ కొంచెం ఎరుపు ఉంది. లాగితే నొప్పి పుట్టి తనే తీసేసిందట. చీము లేదు, జ్వరం లేదు. ఉప్పు నీళ్లతో కడుక్కోమని, రెండు రోజుల్లో తగ్గకపోతే చూపించుకోమని చెప్పాను. తర్వాత తలనొప్పి ఉందా అని అడిగాను. లేదంది. కార్డు తెమ్మన్నాను. బీపీ గడిలో మూడు నెలలుగా ఒకటే అంకె ఉంది.

మర్నాడు ఇద్దరం కలిసి సబ్ సెంటర్‌కు వెళ్లాం.